పీరాంబీ చేతిలో పండని గడ్డ

జమ్మలమడుగులో పెన్న ఒడ్డుకు పోయే సందులో పీరాంబీ ఇల్లు ఎక్కడని ఎవరినీ అడగనక్కరలేదు. మైనమూ గుగ్గిలమూ నువ్వులనూనెలో కాగే వాసన పట్టుకొని పోతే ఆమె అరుగు దగ్గరికే చేరుతారు. ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయిన రోజుల్లోనూ, ఆ రాజధాని హైదరాబాదుకు తరలిపోయిన తరువాతా ఆ అరుగు మీద జనం తగ్గలేదు. "రాజధాని యాడుంటే ఏంది, సెగగడ్డ లేచేది వీపు మీదనే గదా" అనేవాడు ఆమె భర్త గౌస్ మొహిద్దీన్. ఆయన రేకు డబ్బాలకు టంకం పెట్టే పనివాడు. ఇంట్లో ఇద్దరిదీ అతికే పనే అని నవ్వేవాడు.

పీరాంబీ అతికేది మనుషులను. గడ్డలకు, పుండ్లకు మలాము పట్టీ వేయడం ఆమె పుట్టినింటి విద్య. ఆ ఇంట్లో ఆడబిడ్డకు నేర్పింది ఆమె ఒక్కదానికే. ఆమె సాధించినవి చెప్పుకుంటూ పోతే పొద్దు చాలదు. ప్రొద్దుటూరులో పత్తి మిల్లు ఉన్న ఒక షావుకారు వీపు మీద రాచకురుపు లేస్తే మద్రాసుకు పోయి కోయించుకోమన్నారు. ఆయన మద్రాసు పోలేదు. పీరాంబీ పట్టీతోనే మానింది. ఆమెను తన మోటారు కారులో ఇంటికి పంపించాడు. కారు సందులో పట్టక మొదట్లోనే ఆగిపోతే, వీధి వీధంతా వచ్చి చూసేదాకా పీరాంబీ కారు దిగలేదు. పులివెందుల హెడ్డు కానిస్టేబుల్ ఒకాయనకు కూర్చోవడానికి వీల్లేని చోట గడ్డ లేచింది. ఆయన జమ్మలమడుగు దాకా బస్సులో నిలబడి వచ్చి, తిరిగి పోయేటప్పుడు కిటికీ పక్క సీట్లో కూర్చొని పోయాడు. తాలూకాలో ఆమె చేయి పడని వీపు లేదని చెప్పుకునేవారు. ఆ మాటను ఆమె ఎన్నడూ కాదనలేదు.

ఆమె విద్యంతా కుడిచేతి రెండు వేళ్ళలో ఉంది. గడ్డకు అటొకటి ఇటొకటి ఆనించి, కళ్ళు మూసుకొని, బిస్మిల్లా అని మెల్లగా నొక్కేది. లోపల చీము కదిలితే ఒక వేలు నొక్కినది రెండో వేలికి తెలుస్తుంది. అట్లా తెలిస్తే గడ్డ పండినట్టు. తెలియకపోతే పచ్చి. పచ్చిగడ్డను ఆమె కత్తితో తాకేది కాదు. అవిసెగింజలు ఉడకేసి, కాల్చిన ఉల్లిగడ్డా పసుపూ నూరి కలిపి, వెచ్చగా కట్టి పంపేది. రెండు మూడు కట్లు పడేసరికి ఎంత మొండి గడ్డ అయినా మెత్తబడి తల తీసేది. చీము పిండేసి, ఆ గుడ్డను పొయ్యిలో వేసి "పీడ పోయింది" అనేది.

"గడ్డకు తొందర లేదు, మనిషికే తొందర" అని ఆమె మాట. తన చేతిలో పండని గడ్డ ఈ భూమ్మీద లేదని ఇంకో మాట.

ఈ రెండో మాటకు అడ్డం వచ్చినవాడు సిద్దయ్య.

సిద్దయ్యది తొండూరు దగ్గరి పల్లె. గొర్రెల ఇల్లు. ఏటా జొన్నకోతలు అయిపోగానే భార్య చిన్నసుబ్బమ్మతో, మందతో, రెండు కుక్కలతో జమ్మలమడుగు నల్లరేగడి చేలకు వచ్చేవాడు. రైతులు పిలిచి మరీ తమ చేలల్లో మంద కట్టించుకునేవారు. ఆ గొర్రెలు పడుకొని లేచిన చేనికి మరుసటేడు వేరే ఎరువు అక్కరలేదు. చేను మారినప్పుడల్లా తడికెలు పీకి మళ్ళీ పాతడం, పగలంతా మేపుకు నడవడం. నలభై ఏళ్ళకే మోకాళ్ళు అరిగిన మనిషి.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటేడు అతను వచ్చినప్పుడు మెడ వెనక గడ్డతో వచ్చాడు. ఒళ్ళు కాలిపోతోంది. చిన్నసుబ్బమ్మ భుజం పట్టుకొని అరుగెక్కాడు.

"అక్కా, గొర్రె గుద్దినట్టుండాది మెడ మీద" అన్నాడు.

"గొర్రె గుద్దింటే ఆ గొర్రెతోనే పట్టీ ఏయించుకో పో. ఇట్ల తిరుగు" అంది పీరాంబీ.

రెండు వేళ్ళు ఆనించింది. గడ్డ ఎర్రగా, గట్టిగా, వెడల్పుగా ఉంది. లోపల ఏ కదలికా లేదు.

"పచ్చిగుండాది. రెండు మూడు కట్లు పడితే పండుతాది. నా పట్టీ ఉన్నన్ని దినాలు వంకాయ, చేప, ఇంకొకరి మందు, ఇవి నోట్లో పడగూడదు. ఇనపడిందా మ్మే సుబ్బమ్మా?"

"ఇనపడిందక్కా. ఆయప్ప మింగితే నేను ఊరుకుంటానా" అంది చిన్నసుబ్బమ్మ.

పీరాంబీ పథ్యమంటే తాలూకాలో శాసనం. తప్పితే ఆమె తిట్టే తిట్లకు గడ్డకంటె ఎక్కువ భయపడేవారు.

మొదటి కట్టు విప్పింది. గడ్డ పండలేదు. రెండో కట్టులో అవిసెగింజలు ఎక్కువ వేసింది. పండలేదు. మూడోసారి ఉల్లిగడ్డ మరీ వేడిగా పెట్టింది. సిద్దయ్య పళ్ళ బిగువున ఓర్చుకున్నాడు గాని గడ్డ మాత్రం మెత్తబడలేదు. పైగా నడుమ ఎరుపు పోయి నీలంగా తిరిగింది. జ్వరం దిగలేదు. గొంతు నొప్పితో సంగటి ముద్ద దిగడం లేదని, గంజే తాగుతున్నాడని చిన్నసుబ్బమ్మ చెప్పింది.

సాయంత్రం మలాము కాస్తూ పీరాంబీ పరధ్యానంగా ఉండడం గౌస్ మొహిద్దీన్ చూశాడు.

"ఏం బీ, నీ మామిడికాయ ఇంకా పండలేదా?"

"నీ డబ్బాకు టంకం నిలబడకపోతే నేనేమన్నా అడిగితినా? గమ్మునుండు."

"నా డబ్బా కారితే నీళ్ళే పోతాయి. ఆయప్ప..." అని, ఆమె ముఖం చూసి మాట మింగేశాడు.

కోసేద్దామా అని ఒక్కసారి అనుకుంది. చేయి కత్తి దాకా పోయింది. పచ్చిగడ్డను కోసి ప్రాణం మీదికి తెచ్చినవాళ్ళ కథలు ఆమెకు వాళ్ళ అమ్మ చెప్పినవి శానా ఉన్నాయి. ఆసుపత్రికి పంపుదామా అంటే, ఆమె పెళ్ళై వచ్చినప్పటి నుంచీ ఆ గడప తొక్కలేదు. ఆసుపత్రికి గుంటూరు వైపు నుంచి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ నిర్మలమ్మ, "పట్టీలు కట్టించుకొని ఆలస్యంగా రావద్దు" అని అందరికీ చెబుతోందని విని, "ఆ సూదులమ్మకు గడ్డ అంటే తెలుసునా" అని అరుగు మీద పదిమంది ముందు అన్నది కూడా పీరాంబీనే. ఇప్పుడు ఏ ముఖంతో పంపుతుంది? ఇంకొక్క కట్టు చూద్దాం అనుకుంది.

ఆ కట్టు వేయడానికి మర్నాడు పొద్దున సిద్దయ్యను బోర్లా పడుకోబెట్టింది. అప్పుడు అతని అరికాలు ఆమె కళ్ళ ముందుకు వచ్చింది. మడమ దగ్గర నల్లగా ఒక తుమ్మముల్లు.

"ఇదెప్పుడు దిగింది?"

"ఈడికొచ్చిన పొద్దే దిగిందక్కా. తడికె పాతుతాంటే" అంది చిన్నసుబ్బమ్మ. "విరిగి లోపలే నిలబడింది. అదే వస్తాదిలే అని ఇడ్సిపెట్టినాం."

గొర్రెల కాపరి కాలిలో ముల్లు వింత కాదు. పీకకుండా వదిలేస్తే రెండు దినాల్లో చుట్టూ చీము పట్టి, ముల్లు తనంతట తానే తేలి వస్తుంది. పీరాంబీ అట్లా తేలిన ముళ్ళు ఎన్నో చూసింది. ఈ ముల్లు మాత్రం పాతిన మేకులా అట్లాగే ఉంది. చుట్టూ చర్మం నీలంగా చచ్చిపడి ఉంది. చీము బొట్టు లేదు.

ఆమె అరికాలు పట్టుకొని శానాసేపు చూసింది. మెడ మీది గడ్డ పండలేదంటే తన మందులో వేడి చాలలేదని అనుకుంటూ వచ్చింది. మరి కాలికి తను మందే పెట్టలేదే! మందు పెట్టిన చోటా చీము లేదు, పెట్టని చోటా లేదు. సిద్దయ్యను లేపి నోరు తెరిపించింది. నాలుక పక్కల, గొంతు లోపల బూడిద రంగు పుండ్లు. వాటికీ చీము లేదు.

"సుబ్బమ్మా, బండి కట్టించు మ్మే" అంది.

"యాడికక్కా?"

"ఆసుపత్రికి. తప్పు గడ్డది గాదు. ఈయప్ప ఒంట్లో ఉండాల్సింది ఏందో లేదు."

బండిలో సిద్దయ్య పక్కన ఆమె కూడా కూర్చుంది. పంపడమే కాదు, తానే పట్టుకుపోయింది. బజారులో ఎవరో "ఏం పీరాంబక్కా, యాడికి?" అని అడిగితే "నీ పెండ్లికి" అని ముసుగు సర్దుకుంది.

డాక్టరు నిర్మలమ్మ చిన్న మనిషి, సన్నని గొంతు. సిద్దయ్య గొంతులో లైటు వేసి చూడగానే ఆమె ముఖం మారింది. మంచం మీద పడుకోబెట్టించి, వేలి కొనలో పొడిచి నెత్తురు తీసుకుంది. పక్క గదిలో మైక్రోస్కోపు దగ్గర చాలాసేపు ఉండి వచ్చింది.

"ఈయన ఈమధ్య ఏమన్నా మందులు వాడారాండీ?"

చిన్నసుబ్బమ్మ పీరాంబీ వైపు చూసింది. "ఏ మందూ లేదమ్మా. అక్క పథ్యంలో ఉండాడు. ఇంకొకరి మందు నోట్లో పడనీలే నేను."

"నిజంగానా?"

"మా దేవుడి తోడు."

డాక్టరమ్మ పెనిసిలిన్ సూది వేయించింది. తరువాత పీరాంబీ దగ్గరికి వచ్చి, "మీరేనా పీరాంబీగారు? మీరు కోయలేదు కదా, మంచి పని చేశారు. కోసి ఉంటే ఈయన దక్కేవాడు కాదు. ఆ వేడి కట్లు మాత్రం ఇక వద్దు. చూడండి, తోలు కమిలింది" అంది.

సూదులమ్మ తిడుతుందని సిద్ధపడి వచ్చింది పీరాంబీ.

"గడ్డ ఎందుకు పండలేదు?" అని మాత్రం అడిగింది.

"నెత్తురులో తెల్లకణాలు లేవు. ఉండవలసిన దాంట్లో పదో వంతు కూడా లేవు."

"తెల్లవా? నెత్తురు ఎర్రగానే ఉండాదే!"

డాక్టరమ్మ ఆమెను లోపలికి తీసుకుపోయింది. పీరాంబీ వేలు పొడిచి, ఆ నెత్తురును గాజు పలక మీద పులిమి, రంగు వేసి, కడిగి, ఆరబెట్టి, గొట్టం కింద పెట్టింది. ఒక కన్ను మూసి చూడమంది. మొదట పీరాంబీకి తన కనురెప్పే కనిపించింది. తరువాత గులాబీరంగు బిళ్ళలు కుప్పలుగా కనిపించాయి. వాటి మధ్య ఎడనెడ వంకాయరంగు పొడలు ఉన్నాయి, కొన్నిటిలో నడుమ ముద్ద మూడు నాలుగు తునకలై, ఆ తునకలు ఒకదానినొకటి పట్టుకున్నట్టు ఉంది.

"ఆ వంకాయరంగువే తెల్లకణాలు. కనబడాలని మేమే రంగు వేస్తాం. ఇప్పుడు సిద్దయ్యగారిది చూడండి."

ఆ పలక మీద గులాబీ బిళ్ళలు ఉన్నాయి. డాక్టరమ్మ పలకను అటూ ఇటూ జరిపింది. ఎంత జరిపినా ఎర్ర చేనే. చాలాసేపటికి ఒక గుండ్రటి వంకాయరంగు ముద్ద ఒంటరిగా కనబడింది. తునకలు తునకలుగా ఉన్నవి ఒక్కటీ లేవు.

బయటికి వచ్చి చిన్నసుబ్బమ్మకు చెప్పబోయి డాక్టరమ్మ, "ఇవి ఒంటికి సిపాయిల్లాంటివి" అంది. చిన్నసుబ్బమ్మకు సిపాయి అంటే ఎరువు బండ్లు ఆపి తగువు పెట్టే పోలీసే తెలుసు. ఆమె ముఖం చూసి పీరాంబీ అందుకుంది.

"సిపాయిలు గాదు మ్మే. మంద కుక్కలనుకో."

"ఓ! అట్ల చెప్పల్ల" అంది చిన్నసుబ్బమ్మ.

డాక్టరమ్మకు ఆ దారి నచ్చింది. అక్కడి నుంచి కుక్కలతోనే చెప్పింది. ఈ కుక్కలు ఎముకల్లోని మూలుగలో పుడతాయి. నెత్తురులో పడి ఒళ్ళంతా తిరుగుతుంటాయి. ముల్లు దిగినా, పుండు పడినా, ఆ దారిన కంటికి కనబడని క్రిములు లోపలికి వస్తాయి. ఆ వాసన తగలగానే మొదట ఉరికే కుక్కలు ఒక రకం. నెత్తురు నాళాల గోడల్లోంచి దూరి అక్కడికి పోయి క్రిములను మింగేస్తాయి. మింగి అవీ చస్తాయి. పాత దొంగల వాసన ఏళ్ళ తరబడి గుర్తుపెట్టుకునేవి ఇంకో రకం. ఒకసారి వచ్చిన అమ్మోరు మళ్ళీ రాకపోవడం వాటి చలవే. జబ్బు వచ్చినప్పుడు ఈ కుక్కలు ఎక్కువగా పుడతాయి, అందుకే నెత్తురులో వాటిని లెక్కపెడితే లోపల పోట్లాట ఉందో లేదో తెలుస్తుంది. కొందరికి పనికిరాని కుక్కలు మితిమీరి పుట్టి, మంద మేతంతా తామే తినేసే జబ్బు ఉంటుంది. అది నెత్తురు కాన్సరు. సిద్దయ్యకు అది కాదు. సిద్దయ్యకు ఆ మొదట ఉరికే రకం, పలక మీద తునకలుగా కనబడేవి, పుట్టడమే ఆగిపోయింది.

"పుట్టినవి ఎన్నాళ్ళు బతుకుతాయమ్మా?" అంది చిన్నసుబ్బమ్మ.

"ఉరికేవి ఒకటి రెండు రోజులే. అందుకే పుట్టడం ఆగితే మంద వెంటనే ఖాళీ అవుతుంది."

"మరి చీము?" అంది పీరాంబీ.

"చీమంటే అవేనండీ. పోట్లాడి చచ్చిన తెల్లకణాలు, చచ్చిన క్రిములూ. చీము పట్టలేదంటే అక్కడికి ఎవరూ రాలేదన్నమాట."

పీరాంబీ ఇంటికి నడిచి వచ్చింది. మలాము సట్టి పొయ్యి మీద పెట్టి గౌస్ మొహిద్దీన్ పక్కన కూర్చుంది. "ఇన్నేళ్ళూ నా అవిసెగింజలే పండిస్తాండాయనుకుంటి. పండించేది వాళ్ళ నెత్తురంట. నేను ఊరికే ఎచ్చబెడ్తాండానంట" అంది.

"ఎచ్చబెట్టేవాళ్ళు కూడా ఉండల్ల గదా బీ. సట్టి కింద మంట లేకుండా కూర ఉడుకుతాదా?"

"ఇప్పుడు మంటుండాది, సట్టిలో కూర లేదు."

మర్నాటి నుంచి గంజి తెచ్చే నెపంతో ఆమె రోజూ ఆసుపత్రికి పోయింది. సూదులు పడుతూనే ఉన్నాయి. జ్వరం కొంచెం దిగేది, మళ్ళీ ఎక్కేది. డాక్టరమ్మ రోజూ నెత్తురు చూసి తల అడ్డంగా ఊపేది. "కారణం ఏదో ఇంకా నడుస్తూనే ఉంది. మూలుగ తేరుకోవడం లేదు. ఇట్లాగే ఉంటే సూదులు ఎన్నాళ్ళు కాపాడతాయో చెప్పలేను" అని పీరాంబీతో విడిగా అంది. సిద్దయ్య పెదవులు ఎండి పగిలాయి. చేలో మందను పక్క కాపరికి ఒప్పజెప్పి వచ్చిన చిన్నసుబ్బమ్మ మంచం కింద కూర్చొని దేవుళ్ళకు మొక్కుతూ ఉండేది.

ఒక మధ్యాహ్నం పీరాంబీ గంజి చెంబు దించుతుంటే చిన్నసుబ్బమ్మ సిద్దయ్య ఆకుసంచి విప్పింది. అది గొర్రెల కాపరులందరి నడుముకూ ఉండేదే. ఆకూ వక్కా, సున్నపు కాయా, పొగాకూ, చెకుముకి రాయీ అందులోనే. ఆ మనిషికి ఆకు నమిలే శక్తి ఎక్కడిదని పీరాంబీ చూస్తూ ఉంది. చిన్నసుబ్బమ్మ అడుగు నుంచి ఒక కాగితం పొట్లం తీసి, ఒక తెల్ల బిళ్ళ చిదిమి గంజిలో కలిపింది.

"అదేంది మ్మే?"

"ఇదా? అలుపు బిళ్ళ. మోకాళ్ళ నొప్పికి."

"మందు తినలేదని దేవుడి తోడు పెట్టితివి గదే!"

"ఇది మందెట్ల అవుతాదక్కా?" చిన్నసుబ్బమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది. "జబ్బు చేస్తే తినేది మందు. ఇది నడకకు. ఆకూ వక్కా మాదిరి. ప్రొద్దుటూరు సంతలో గొర్రెపిల్లల్ను అమ్మినప్పుడు తెచ్చినాడు. మా కాపర్లు శానామంది ఏసుకుంటాండారు, ఎవురికీ ఏమీ కాలే. ఈయప్పకు ఒళ్ళు నొప్పులు ఎక్కువైనాయని ఈ నడుమ పూటకొకటి ఇస్తాండా. నీ పథ్యం నేను తప్పలేదక్కా!"

తప్పలేదు. అదే పీరాంబీకి తగిలింది. వంకాయ వద్దంది, చేప వద్దంది, ఇంకొకరి మందు వద్దంది. ఆకుసంచిలో ఏముందని మాత్రం అడగలేదు. గంజి చెంబును కిటికీలోంచి పారబోసి, పొట్లం పట్టుకొని డాక్టరమ్మ గదిలోకి అడగకుండానే దూరింది.

డాక్టరమ్మ బిళ్ళను వాసన చూసింది, నాలుకకు తాకించింది. పొట్లం మీద పేరు లేదు, పాత కాగితమే.

"పేరు తేల్చలేను గానీ నొప్పి బిళ్ళల్లో కొన్ని ఇట్లా చేస్తాయి. వేలమందికి ఏమీ కాదు. ఒకరికి మాత్రం మూలుగలో ఆ కణాలు పుట్టడం ఆపేస్తాయి. నేను మందులని అడిగానే గానీ..." అని ఆగి, "ఇవి ఆపితే తేరుకోవచ్చు. ఆలస్యం అయిపోకుండా ఉంటే" అంది.

చిన్నసుబ్బమ్మ బోరున ఏడ్చింది. "నా చేతుల్తోనే పెట్టినా గదక్కా" అని తల కొట్టుకుంది. పీరాంబీ ఆమె చేతులు పట్టుకొని, "నీకెవురు చెప్పినారని తెలియల్ల? ఏడ్సింది సాలు. సంచి నాకియ్యి" అని ఆకుసంచిని తన నడుముకు కట్టుకుంది. "ఇది ఇంక నా దగ్గరే ఉంటాది, పోలీసు ఠాణా తాళం మాదిరి" అంది.

ఆ తరువాత చేసేదేమీ లేదు. సూదులు, గంజి, ఎదురుచూపు. జ్వరం ఒకపూట దిగితే చిన్నసుబ్బమ్మ ముఖం వెలిగేది, ఎక్కితే చీకటయ్యేది. పీరాంబీ రోజూ రెండు వేళ్ళూ గడ్డకు ఆనించి చూసేది. రాయి. మర్నాడూ రాయి. నర్సులు నవ్వుకునేవారు. ఆమె లెక్కచేయలేదు.

ఒక ఉదయం డాక్టరమ్మ పలక చూసి బయటికి వచ్చి, "కనబడ్డాయి. ఇంకా పిల్లకూనలే, పూర్తిగా ఎదగలేదు. అయినా వస్తున్నాయి" అంది. చిన్నసుబ్బమ్మకు సగం అర్థమైంది. పీరాంబీ అప్పటికే మంచం దగ్గర ఉంది. గడ్డ నిన్నటికంటె ఎక్కువ వాచింది, మళ్ళీ ఎర్రబడింది. సిద్దయ్య నొప్పితో మూలుగుతున్నాడు.

"ఎక్కువైందక్కా!" అంది చిన్నసుబ్బమ్మ.

పీరాంబీ కళ్ళు మూసుకొని రెండు వేళ్ళూ ఆనించింది. ఒక వేలు నొక్కింది. రెండో వేలి కింద ఏదో మెల్లగా కదిలి తాకింది.

"చీము!" అని అరిచింది. "డాక్టరమ్మా, చీము పట్టింది! మా సిద్దయ్యకు చీము పట్టింది!"

ఆ వార్డులో ఆ మాటను అంత సంతోషంగా అన్నవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. పక్క మంచం మీది ముసలాయన ఎవరికో కొడుకు పుట్టాడనుకొని, "అల్లా మేలు చేస్తాడులే అమ్మా" అన్నాడు.

మరి రెండు దినాలు ఆగుదామని డాక్టరమ్మ అంది. పీరాంబీదీ అదే మాట. పూర్తిగా మెత్తబడినాక డాక్టరమ్మే కోసింది. గిన్నె పట్టుకున్నది పీరాంబీ. కాలి ముల్లు ఆ సరికే తేలి మంచం మీద గుడ్డలో పడి ఉంది. నర్సు చీము గుడ్డలు పట్టుకొని పొయ్యి వైపు పోతుంటే పీరాంబీ అలవాటుగా "పీడ పో..." అనబోయి ఆగిపోయింది.

"అక్కా" అన్నాడు సిద్దయ్య మంచం మీది నుంచి. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "మా కుక్క తోడేలుతో కొట్లాడి సస్తే, మేం పారేయం. మంద పక్కనే గుంత తీసి పూడుస్తాం."

"నీ మెడలోంచి వచ్చినదానికి నేను గుంత తియ్యల్లనా? లేచి నువ్వే తీసుకో పో" అంది పీరాంబీ. తరువాత నర్సు చేతిలోంచి ఒక గుడ్డ తీసుకొని కాసేపు చూసి, మడిచి, పొయ్యిలో తానే వేసింది. ఈసారి ఏమీ అనలేదు.

సిద్దయ్య లేచి నడిచాడు. డాక్టరమ్మ అతనికి ఆ రకం బిళ్ళ జన్మలో ముట్టవద్దని చెప్పింది. పీరాంబీ ఇంకో మూడు తిట్లు కలిపి చెప్పింది.

ఆ తరువాత కూడా పీరాంబీ అరుగు మీద జనం తగ్గలేదు. ప్రొద్దుటూరు షావుకారు కథ, పులివెందుల హెడ్డు కానిస్టేబుల్ కథ ఆమె చెప్పుకుంటూనే ఉంది. వాటి పక్కన సిద్దయ్య కథనూ చేర్చుకుంది. తన చేతిలో పండని గడ్డ లేదనడం మాత్రం మానేసింది. నోట్లో పుండ్లు ఉన్నవాళ్ళను, కట్టుకు లొంగని గడ్డలను అదే దినం ఆసుపత్రికి పంపేది. ఆమె పంపితే డాక్టరమ్మ వరుస తప్పించి ముందుగా చూసేది. అది చిన్న గొప్పా? తాలూకాలో ఇంకెవరికి దక్కింది?

అరుగెక్కినవాళ్ళను గడ్డ చూపించమనేముందు ఆమె ఇంకో మాట అనడం మొదలుపెట్టింది. "ముందు సంచి విప్పు." మగవాళ్ళు ఆకుసంచులు, ఆడవాళ్ళు కొంగుముళ్ళు విప్పి అరుగు మీద పరవాల్సిందే. ఒకాయన సంచిలో బీడీల నడుమ మూడు రకాల బిళ్ళలు దొరికితే, వాటిని గౌస్ మొహిద్దీన్ టంకం పొయ్యిలో వేసి మరీ పట్టీ కట్టింది.

మరుసటేడు జొన్నకోతలు కాగానే సిద్దయ్య మంద మళ్ళీ వచ్చింది. అతని కాలికి ఇంకో ముల్లు దిగి, చుట్టూ చీము పట్టి, తెల్లగా తేలి ఉంది. పీరాంబీ దాన్ని చూసి పెళ్ళికూతురిని చూసినట్టు ముచ్చటపడింది. ఆమె నోరు తెరవకముందే సిద్దయ్య నడుము ముడి విప్పి, సంచిని అరుగు మీద బోర్లించాడు.

"ఆకు, వక్క, సున్నం, పొగాకు, రాయి. ఇంకేం లేదు. సూసుకో పోలీసమ్మా."

ఆమె సంచి లోపలికి చేయి పెట్టి, అడుగు కుట్టు దాకా తడిమి చూసింది. ఆ తరువాతే ముల్లు తీయడానికి సూది చేతికి తీసుకుంది.